వరద పక్కన మూడు వందల ఏళ్లు: ప్రేరీ డు రోషే అనే చిన్న ఊరి కథ

అందరికీ నమస్కారం.

మన సెయింట్ లూయిస్ ఎలా పుట్టిందని అడిగితే ఇక్కడి బడి పిల్లలు కూడా ఫ్రెంచి వ్యాపారి పియెర్ లాక్లీడ్ పేరు చెబుతారు. 1764 ఫిబ్రవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడు ఆగస్ట్ షూటో చేతికి ముప్ఫై మంది పనివాళ్లను అప్పగించి పంపాడు, అడవి కొట్టించి ఊరు వేయించాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. మరి అంతకు ముందటి చలికాలం లాక్లీడ్ ఎక్కడ తలదాచుకున్నాడు? న్యూ ఆర్లీన్స్ నుంచి నెలల తరబడి ఏరు ఎదురీది పడవల్లో తెచ్చిన సరుకంతా ఎక్కడ దించాడు? ఇక్కడికి దక్షిణంగా సుమారు 50 మైళ్ల దూరంలో, మిస్సిసిపీ నదికి ఇల్లినాయ్ వైపు, ఫోర్ట్ డి షార్ట్ర్ అనే ఫ్రెంచి కోటలో. ఆ కోటకు నాలుగు మైళ్ల అవతల అప్పటికే నలభై ఏళ్ల వయసున్న ఊరు ఒకటి ఉండేది. ఈ రోజుకీ ఉంది. పేరు ప్రేరీ డు రోషే. జనం ఓ అయిదు వందల మంది. అంటే ఇంత పెద్ద నగరానికి పెద్దక్క లాంటి ఊరన్నమాట. ఇవాళ ఆ ఊరి గురించి మాట్లాడతాను.

మీలో చాలామంది సెయింట్ లూయిస్ నుంచి కొలంబియా, వాటర్లూ మీదుగా రూట్ 3లో వెళ్లే ఉంటారు. ఈసారి కొలంబియా దాటాక బ్లఫ్ రోడ్ పట్టండి. ఎడమ చేతి వైపు నిట్టనిలువుగా సున్నపురాయి కొండ గోడ, కుడి చేతి వైపు కనుచూపు మేర చదునుగా మొక్కజొన్న, సోయాబీన్ చేలు. ఆ చేల చివర ఎక్కడో కరకట్ట, దాని వెనక మిస్సిసిపీ. ఈ చదును నేలను ఇక్కడివాళ్లు అమెరికన్ బాటమ్ అంటారు. ఇదంతా నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. గోదావరి లంకల వాళ్లకు ఆ మట్టి రంగు చూడగానే దాని విలువ అర్థమవుతుంది, దాని ప్రమాదం కూడా అర్థమవుతుంది. అంత సారం ఉన్న మట్టి ఎక్కడుందంటే నది అక్కడికి వచ్చి వెళ్తుందనే అర్థం.

ఆ కొండ గోడ కిందే, మోడాక్ అనే చోట, రాతి చూరు ఒకటుంది. 1950ల్లో అక్కడ తవ్వకాలు జరిపితే మనుషులు తొమ్మిది వేల ఏళ్ల నుంచి వస్తూ పోతూ ఉన్నట్టు పొరలు పొరలుగా బయటపడింది. పొయ్యిల బూడిద, చేపల ముళ్లు, జింక ఎముకలు. అందుకని ఫ్రెంచివాళ్లు వచ్చి ఖాళీ నేల మీద ఊరు కట్టారని ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్లు వచ్చేసరికి ఇక్కడ ఇల్లినాయ్ తెగల వాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక తెగ అయిన మిషిగామియా వాళ్ల ఊరు కోటకు దగ్గర్లోనే ఉండేది. వాళ్లతో వ్యాపారం, పెళ్లిళ్లు, పొత్తులు లేకుండా ఫ్రెంచివాళ్లు ఒక్క చలికాలం కూడా గట్టెక్కేవారు కాదు.

ఫ్రెంచి అధికారి బోబ్రియాఁ 1718 చివర్లో ఇక్కడికి వచ్చి, 1720 నాటికి కర్రల కోట ఒకటి కట్టించాడు. తన మేనల్లుడు లాంగ్లువాకి దగ్గర్లో భూమి ఇచ్చాడు. 1722లో ఆ భూమిలో వెలసిందే ప్రేరీ డు రోషే. అధికారంలో ఉన్నవాళ్ల మేనల్లుళ్లకు భూములు దక్కడం ఏ దేశంలోనైనా కొత్త కాదు లెండి.

ఇక్కడ నన్ను బాగా ఆకట్టుకున్నది వాళ్లు ఊరు వేసుకున్న తీరు. అమెరికా పల్లె అంటే మన కళ్లకు కనిపించే బొమ్మ ఏమిటి? వందల ఎకరాల పొలం, మధ్యలో ఒంటరి ఇల్లు, పక్కింటికి మైలు దూరం. అది తర్వాత వచ్చిన ఇంగ్లిష్ మాట్లాడే రైతుల పద్ధతి. ఫ్రెంచివాళ్లు అలా కాదు. మన ఊళ్లలో లాగే ఇళ్లన్నీ ఒక్కచోట, పొలాలన్నీ ఊరి బయట. పొలాలు కూడా రిబ్బన్ల లాగా ఉండేవి, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. నది దగ్గర మొదలై కొండ గోడ దాకా సాగేవి. అలాగైతే ప్రతి రైతుకూ నది పక్క మెత్తటి నేల కొంచెం, మెరక నేల కొంచెం, కొండ దగ్గర కలప కొంచెం దక్కుతాయి. ఒకడికి మొత్తం మంచి నేల, ఇంకొకడికి మొత్తం పల్లం అనే గొడవ లేదు.

ఈ రిబ్బన్ల మధ్య గట్లు, కంచెలు ఉండేవి కావు. అన్ని పొలాలనూ కలిపి ఒకటే పెద్ద కంచె. ఊరి పశువులు కంచె అవతల ఉమ్మడి బీట్లో మేసేవి. ఎవరి పొలం కంచెను ఎంత మేర తాకుతుందో అంత మేర కంచె బాగు చేసే బాధ్యత ఆ రైతుదే. ఒక్కడు బద్ధకించి తన భాగం వదిలేస్తే ఆ సందులోంచి పశువులు దూరి మొత్తం ఊరి గోధుమలు తినేస్తాయి. అందుకే దీని మీద ఊరంతటికీ కన్ను ఉండేది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మం ముందు నిలబడి మాట్లాడుకునేవాళ్లు. కంచె పని ఎప్పటిలోగా ముగించాలి, కోతలు ఎప్పుడు, కోతలయ్యాక పశువులను చేలల్లోకి ఎప్పుడు వదలాలి, అన్నీ అక్కడే తేలేవి. ఎన్నుకున్న పెద్ద ఒకడు ఆ మాట అమలయ్యేట్టు చూసేవాడు. ప్రజాస్వామ్యం అని పెద్ద పేరు పెట్టను. ఇళ్లూ భూములూ ఉన్నవాళ్ల మాటే అక్కడ చెల్లేది. కానీ కలిసి చేయకపోతే ఎవరికీ గింజ దక్కని పని ఒకటి ఊరి నడుమ ఉండటం వేరే సంగతి. ఈ కంచె మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

పండిన గోధుమలు పిండి పట్టించి పడవల్లో దిగువకు, న్యూ ఆర్లీన్స్ దాకా పంపేవాళ్లు. అక్కడి తేమలో గోధుమ సరిగా పండేది కాదు. కింది లూసియానాకి రొట్టె పెట్టింది ఈ నాలుగైదు ఊళ్లే. కస్కాస్కియా, కహోకియా, సెయింట్ ఫిలిప్, కోట పక్కన సెయింట్ యాన్, మన ప్రేరీ డు రోషే. నది అవతల సెయింట్ జెనెవీవ్ తర్వాత వచ్చి చేరింది.

ఆ గోధుమ పండించింది ఎవరు అన్న ప్రశ్న వేయకుండా ఈ కథ చెబితే అది పర్యాటక శాఖ కరపత్రం అవుతుంది. 1752 నాటి జనాభా లెక్కల్లో ఈ ఫ్రెంచి ఊళ్ల జనంలో మూడో వంతుకు మించి బానిసలే. ఎక్కువమంది ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. కొందరు ఇతర తెగల నుంచి పట్టుకొచ్చి అమ్మిన అమెరికా ఆదివాసులు. చర్చి గుమ్మం ముందు జరిగే సభలో వాళ్లకు నోరు లేదు. 1787లో అమెరికా ప్రభుత్వం ఒహైయో నదికి ఉత్తరాన బానిసత్వం నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ పాత ఫ్రెంచి కుటుంబాల బానిసలకు అది వర్తించదని వ్యాఖ్యానం చెప్పుకుని ఇంకో యాభై ఏళ్లు పైనే నెట్టుకొచ్చారు. చివరికి కహోకియాలో జోసఫ్ జారట్ అనే మనిషి తనను ఉంచుకున్న కుటుంబం మీదే కోర్టుకెక్కాడు. 1845లో ఇల్లినాయ్ సుప్రీం కోర్టు అతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది. ఫ్రెంచి బానిసల సంతానం పేరుతో ఇక ఎవరినీ పట్టి ఉంచకూడదని తేలింది. లింకన్ రాష్ట్రం కాబట్టి మొదటి నుంచీ ఇల్లినాయ్‌లో అందరూ స్వేచ్ఛగా ఉన్నారనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

రాజ్యాలు మారిన కథ త్వరగా చెప్పేస్తాను. కర్రల కోట వరదలకు నిలవక, 1750ల్లో రాతి కోట కట్టారు. పదిహేను అడుగుల ఎత్తు, మూడడుగుల మందం గోడలు. అది పూర్తయ్యీ కాకముందే ఫ్రాన్స్ యుద్ధంలో ఓడింది, 1763 ఒప్పందంలో నదికి తూర్పు వైపంతా ఇంగ్లండ్ పాలయింది. బ్రిటిష్ సైన్యం 1765 అక్టోబర్లో వచ్చి కోట తీసుకుంది. ఈలోగా ప్రొటెస్టెంట్ రాజు కింద బతకడం ఇష్టం లేని కుటుంబాలు చాలా నది దాటేశాయి, లాక్లీడ్ కొత్త ఊరికి కొన్ని, సెయింట్ జెనెవీవ్‌కి కొన్ని. సెయింట్ యాన్ ఖాళీ అయింది. కోటను మాత్రం బ్రిటిష్ వాళ్ల చేతుల్లోంచి లాక్కున్నది నది. 1772లో ఒడ్డు కోసుకొచ్చి ఒక వైపు గోడను, బురుజును మింగేసింది, సైన్యం అప్పటికే సర్దుకుంది. ఆ తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1778 జులై 4న, వర్జీనియా తరఫున వచ్చిన జార్జ్ రోజర్స్ క్లార్క్ బ్రిటిష్ వాళ్ల నుంచి కస్కాస్కియా పట్టుకున్నాడు. వెంటనే బోమన్ అనే కెప్టెన్‌ని ముప్ఫై మంది రౌతులతో ఉత్తరానికి పంపాడు. వాళ్లకు దారిలో తగిలిన మొదటి ఊరు ప్రేరీ డు రోషే. తుపాకీ పేలకుండానే ఊరు వర్జీనియా కింద చేరింది. అరవై ఏళ్లలో ఫ్రాన్స్, బ్రిటన్, వర్జీనియా, ఆ పైన అమెరికా. ఊరివాళ్లు మాత్రం కంచె బాగు చేసుకుంటూ ఉన్నారు.

ఇంతకీ ఆ నాలుగైదు ఊళ్లలో ఇదొక్కటి ఇలా ఎందుకు మిగిలింది? ధైర్యం, పట్టుదల అని చెప్పడం తేలిక. నాకు దొరికిన జవాబు ఇంకా సాదాది. ఊరు నదికి మైళ్ల దూరంలో, కొండ గోడకు ఆనుకుని ఉంది. మిగతావి చాలావరకు నీటి ఒడ్డునో, నదికి ఇంకా దగ్గర్లోనో ఉన్నాయి.

కస్కాస్కియానే చూడండి. 1703లో మొదలై, 1818లో ఇల్లినాయ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి రాజధాని అయిన ఊరది. ఆ తర్వాత ఆవిరి పడవల కాలం వచ్చింది. వాటి బాయిలర్లకు కట్టెలు కావాలి కదా, ఒడ్డున ఉన్న చెట్లన్నీ కొట్టేశారు. వేళ్లు పట్టి ఉంచిన ఒడ్డు కాస్తా వదులైంది, నది అటూ ఇటూ కోయడం మొదలుపెట్టింది. 1844లో పెద్ద వరద. 1881లో మిస్సిసిపీ ఏకంగా కస్కాస్కియా ఏటి కాలవలోకి తెగి దారి మార్చుకుంది. ఊరి వీధులు ఒక్కొక్కటిగా నీళ్లలోకి జారాయి. సమాధులు తవ్వి అవతలి గుట్ట మీదికి మార్చారు. మిగిలిన ఊరు నదికి పడమటి వైపు చిక్కింది. అందుకే ఈనాటికీ ఇల్లినాయ్‌కి చెందిన ఆ ముక్కలోకి వెళ్లాలంటే మిస్సోరీలోంచి వెళ్లాలి. 2020 లెక్కల్లో అక్కడి జనాభా 21. పదిహేనో లూయీ రాజు పంపిన 1741 నాటి గంట మాత్రం అక్కడే ఉంది.

సరే, మిగిలిన ఊరిలో జీవితం ఎలా సాగింది? రాజ్యం మారినా కొంతకాలం ఇంట్లో మాట ఫ్రెంచే. ఇళ్లు కూడా ఫ్రెంచి పద్ధతే, నిలువుగా నిలిపిన దుంగల గోడలు, చుట్టూ వెడల్పాటి వసారా. 1800 ప్రాంతంలో కట్టిన అలాంటి ఇల్లు ఒకటి ఊళ్లో నిలిచి ఉంది, క్రియోల్ హౌస్ అంటారు, జిల్లా చరిత్ర సంఘం చూసుకుంటుంది. తర్వాత జర్మన్లు వచ్చారు, రైలు వచ్చింది, కొండలో సున్నపురాయి క్వారీలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రెంచి మాట్లాడే చివరి తరం వెళ్లిపోయింది. ఒక్క పాట మిగిలింది.

ఆ పాట పేరు లా గియానే. డిసెంబర్ 31 రాత్రి పాడతారు. ఊరు పుట్టినప్పటి నుంచి ఏటా తప్పకుండా పాడుతున్నామని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఫ్రాన్స్‌లో ఇలాంటివి మధ్య యుగాల నుంచి ఉన్నాయి. కెనడాలో ఇంకో రూపంలో ఉంది. నది అవతల సెయింట్ జెనెవీవ్‌లోనూ పాడతారు. పద్ధతి ఇదీ. పాత కాలపు ఫ్రెంచి పల్లె బట్టలు వేసుకుని, ఫిడేలు, గిటారు పట్టుకుని ఒక గుంపు బయలుదేరుతుంది. తలుపు తట్టి, ఇంటి యజమానికి, యజమానురాలికి, ఇంట్లో ఉన్న అందరికీ శుభం పలుకుతూ లోపలికి వస్తారు. ముందువాడు ఒక చరణం అందిస్తే మిగతావాళ్లు దాన్నే తిరిగి అందుకుంటారు. సంవత్సరం చివరి రోజు కదా, మాకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపండి అని అడుగుతారు. ఏం కావాలట? పది అడుగుల పొడవున్న పంది వెన్నుమాంసం. అంత పొడవు పంది ఎక్కడుంటుందని మీరడగొచ్చు, వాళ్లకూ తెలుసు. అది లేదంటే మీ పెద్దమ్మాయిని ఇవ్వండి, బాగా చూసుకుంటాం, కాళ్లు వెచ్చగా ఉంచుతాం అంటారు. ఇంటివాళ్లు నవ్వుతారు, తినడానికి తాగడానికి పెడతారు, గుంపు ఇంకో ఇంటికి వెళ్తుంది. ఇది వింటే నెల గంటు పెట్టాక మన వీధిలోకి వచ్చే గంగిరెద్దులవాళ్లు గుర్తొచ్చారని మా ఆవిడ అంది. ఒక తేడా ఉంది. వీళ్లు వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు కాదు, పక్కింటివాళ్లే. ఇచ్చేవాళ్లు, అడిగేవాళ్లు ఒకళ్లే.

పూర్వం ఆ రాత్రి పోగైన పిండీ, మాంసం అంతా జనవరి 6 పండగ విందుకి వెళ్లేది. రాజుల బాల్, అంటే రాజుల నాట్య విందు అంటారు. కేకులో గింజలు దాచి, ఎవరి ముక్కలో గింజ వస్తే వాళ్లు ఆ రాత్రికి రాజులు. వాళ్లే రాణులను ఎంచుకోవాలి, తర్వాతి నాట్యానికి ఖర్చులు వాళ్లవే. గింజ దొరికిన సంతోషం ఆ బిల్లు చూసేదాకా ఉండేదేమో. ఇప్పటికీ జనవరిలో పన్నెండో రాత్రి బాల్ జరుపుతారు.

నాకు ఈ పాటలో నచ్చేది దాని పాతదనం కాదు. పాడేవాళ్లలో చాలామందికి ఫ్రెంచి రాదు. తాతలు పాడగా చెవికి పట్టిన శబ్దాలనే అందుకుంటారు. భాషాశాస్త్రవేత్తలు వచ్చి మాటలు ఎంత అరిగిపోయాయో రాసుకుంటారు, వాళ్ల పని వాళ్లది. కానీ అర్థం పోయినా పని పోలేదు. సంవత్సరంలో ఒక రాత్రి ఊరిలోని వాళ్లు ఒకరి గడప ఒకరు తొక్కి తీరాలి. కొత్తగా అద్దెకు దిగిన కుటుంబం ఏది, ఎవరింట్లో ముసలాయన ఒంటరిగా ఉన్నాడు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆ రాత్రి తెలిసిపోతాయి. ఇది తెలిసిన ఊరికి వరద వచ్చినప్పుడు ఎవరి తలుపు ముందు తట్టాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు 1993 దగ్గరికి వద్దాం. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఒక నిర్ణయం ఉంది, దాని గురించి నాకు ఇంకా రెండు మనసులు ఉన్నాయి.

ఆ ఏడాది వసంతం నుంచి పై రాష్ట్రాల్లో వానలు ఆగలేదు. ఆగస్టు 1న సెయింట్ లూయిస్ దగ్గర నది 49.58 అడుగులకు చేరింది. అక్కడ వరద మట్టం 30 అడుగులు. దిగువన వారాల తరబడి కరకట్టల మీద జనం రాత్రింబవళ్లు ఉన్నారు. కరకట్ట అంటే పైనుంచి పొర్లితేనే పోతుందనుకుంటాం. చాలాసార్లు అది కిందనుంచి పోతుంది. అవతల నీటి బరువుకి గట్టు అడుగు నుంచి ఊట బయల్దేరి, పొడి వైపు నేలలోంచి ఇసుకను మోసుకుంటూ బుడబుడమని పైకి వస్తుంది. దాన్ని మూసేయాలని చూస్తే ఇంకో చోట పుట్టుకొస్తుంది. అందుకని మూయరు, చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి బావిలా కడతారు. లోపల నీటి మట్టం పెరిగి, దాని బరువే ఊటను అదుపు చేస్తుంది. నీళ్లు తేటగా వస్తున్నంతసేపు భయం లేదు. ఇసుకతో వస్తే గట్టు లోపల గుల్ల అవుతోందన్నమాట. ఇలాంటివి ఎక్కడెక్కడ పుడుతున్నాయో చూస్తూ గట్టు పొడవునా నడవడానికి మనుషులు కావాలి. ఆ పని కెమెరాలు చేయలేవు.

అదే ఆగస్టు 1న పైన కొలంబియా దగ్గర కరకట్ట తెగింది. ఆ నీళ్లు కరకట్టకూ కొండ గోడకూ మధ్య ఉన్న చదును మీదుగా దక్షిణానికి కదిలాయి. మర్నాటికి వాల్మేయర్ ఊరు మునిగింది. తర్వాత వరసలో ఉన్నది ప్రేరీ డు రోషే. దాన్ని ఉత్తరం నుంచి కాపాడేది ఊరి పక్క పారే చిన్న ఏటి గట్టు ఒక్కటే.

ఇక్కడ కాస్త లెక్క అర్థం చేసుకోవాలి. నది వాలుగా పారుతుంది కదా. పైన తెగిన చోట నది మట్టం ఎక్కువ, దిగువన ప్రేరీ డు రోషే దగ్గర తక్కువ. లోపలికి వచ్చిన నీరు ఆ చదునులో చెరువులా నిండి, పైన గండి దగ్గరున్న మట్టాన్నే అందుకోవాలని చూస్తుంది. అంటే దిగువ చివర గట్టు లోపలి నీరు, బయట నదిలో ఉన్న నీటి కంటే ఎత్తుగా నిలబడుతుంది. ఆ ఎత్తుకి ఊరి చిన్న గట్టు సరిపోదు. మరేం చేయాలి? దిగువన మంచిగా ఉన్న పెద్ద కరకట్టను మనమే తెంచాలి. ముందు అక్కడ నది నీళ్లు లోపలికి వచ్చి పరుపులా పరుచుకుంటాయి, పైనుంచి దూకుతూ వచ్చే నీటి వేగాన్ని తట్టుకుంటాయి. తర్వాత లోపలి మట్టం పెరిగేకొద్దీ అదే గండిలోంచి నీళ్లు నదిలోకి తిరిగి పోతాయి.

కాగితం మీద బాగుంది. కానీ వారాల తరబడి ప్రాణం పెట్టి కాపాడుకున్న గట్టును తామే తవ్వి, డైనమైట్ పెట్టి పేల్చడానికి మనసు రావాలి. సైనిక ఇంజనీర్ల శాఖ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌తో వాదనలు జరిగాయి. చివరికి కోట దగ్గర కరకట్ట తెంచారు. చేలు మునిగాయి, రాళ్ల కోట మునిగింది. ఊరు నిలిచింది, ఏటి గట్టు అంచు దాకా వచ్చిన నీరు అక్కడే ఆగింది.

ఊరు దక్కిన కథగానే దీన్ని సాధారణంగా చెబుతారు. మునిగిన చేలు కూడా ఎవరో ఒకరివే కదా. పైనుంచి వచ్చే నీటికి ఆ చేలు ఎలాగూ మునిగేవేనని ఇంజనీర్ల వాదన, అది సరైనదే అనుకుంటాను. అయినా పంట మీదికి నీళ్లు దానంతట అవి రావడం వేరు, పక్కవాళ్లు కలిసి నిర్ణయించి వదలడం వేరు. ఆ రోజు సంతకాలు పెట్టిన కరకట్టల కమిషనర్లు కూడా ఆ చుట్టుపక్కల రైతులే. ఇందాక గుర్తుంచుకోమన్న కంచె ఇదే. మూడు వందల ఏళ్లలో కంచె పోయి కరకట్ట వచ్చింది. ఇప్పటికీ పొలం ఎంతుంటే అంత పన్ను కట్టి, కమిషనర్లను పెట్టుకుని, ఒకరి భాగం బలహీనమైతే అందరూ మునిగే పద్ధతే. నష్టాన్ని ఎవరు మోయాలి అన్న ప్రశ్నకు మాత్రం చర్చి గుమ్మం దగ్గరా పూర్తి న్యాయం దొరకలేదు, కట్ట మీదా దొరకలేదు.

వాల్మేయర్ సంగతి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. తొమ్మిది వందల మంది ఉన్న ఊరు మొత్తం మునిగాక, వాళ్లు అదే చోట తిరిగి కట్టకూడదని నిర్ణయించుకున్నారు. అప్పటి మేయర్ డెన్నిస్ నోబ్లాక్ నాయకత్వంలో ఊరివాళ్లే కమిటీలు వేసుకుని, రెండు మైళ్ల దూరంలో కొండ మీద 500 ఎకరాలు కొని, వీధులు గీసి, ఊరిని ఊరుగా పైకి తీసుకెళ్లారు. ప్రభుత్వం మునిగిన ఇళ్లను కొని కూల్చేసింది. ఇవాళ పై ఊళ్లో పన్నెండు వందల మందికి పైనే ఉన్నారు, అంటే వరద ముందు కన్నా ఎక్కువ. కొండలో పాత సున్నపురాయి గనిని గోదాములుగా మార్చారు, జాతీయ అభిలేఖాల శాఖ కాగితాలు కూడా అందులో ఉన్నాయి. నీళ్లు చేరని చోటు కోసం వెతికేవాళ్లకు అది దొరికింది. కానీ అందరూ పైకి రాలేదు. కొత్త ఇల్లు కట్టే స్తోమత లేని ముసలివాళ్లు, అప్పు పుట్టనివాళ్లు ఎటో వెళ్లిపోయారు. పాత ఊళ్లో నడిచి వెళ్లే దూరంలో ఉన్న పేకాట బల్ల, బారు, పక్కింటి అరుగు పైకి రాలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటుంటారు.

దాన్ని చూసి, ప్రేరీ డు రోషేవాళ్లు కూడా ఎప్పుడో పైకి వెళ్లిపోవచ్చు కదా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. వెళ్లొచ్చు. కానీ 1993లో వాళ్ల ఊరు మునగలేదు. మునగని ఇళ్లను కొనడానికి ప్రభుత్వం దగ్గర వాల్మేయర్‌కి ఇచ్చినట్టు డబ్బు ఉండదు. గెలిచినందుకు వాళ్లకు దక్కింది, కరకట్టను ఎప్పటికీ కాపాడుకునే ఖర్చు.

అది ఇప్పటి తలనొప్పి. 2005లో కత్రినా తుపానుకి న్యూ ఆర్లీన్స్ కట్టలు తెగాక, విపత్తులు చూసుకునే కేంద్ర సంస్థ ఫెమా, దేశమంతటా వరద పటాలు కొత్తగా గీసే పనిలో కట్టల బలం మీద పట్టుబట్టింది. కట్ట నూరేళ్ల వరదకు, అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒక్కటి ఉన్న వరదకు, తట్టుకుంటుందని ఇంజనీర్లు సర్టిఫికెట్ ఇస్తే సరి. లేదంటే పటంలో కట్ట ఉన్నా లేనట్టే, ఊరంతా వరద ప్రాంతమే. అప్పుడు బ్యాంకు అప్పు మీద ఇల్లు కొనేవాళ్లకు వరద బీమా తప్పనిసరి. ఇంటి విలువలో సగానికి మించి మరమ్మతు చేయాలంటే సాధారణంగా ఇంటిని ఎత్తులోకి లేపాలి. రెండు వందల ఏళ్ల వసారా ఇంటిని స్తంభాల మీదికి ఎత్తితే అదేం ఇల్లు? లేపకపోతే కొనేవాళ్లు రారు. పరీక్షలు చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే లక్షల డాలర్ల మాట. సెయింట్ లూయిస్‌కి ఎదురుగా తూర్పు ఒడ్డున ఉన్న పెద్ద కట్టలకు సేల్స్ టాక్స్ వేసుకుని డబ్బు తెచ్చుకున్నారు. అయిదు వందల మంది ఉన్న ఊళ్లో ఎంత టాక్స్ వేస్తే ఎంత వస్తుంది చెప్పండి. నది ఇంతవరకు చేయలేని పని పటం మీద గీసిన గీత చేస్తుందేమోనన్నదే ఈ ఊళ్లకు అసలు టెన్షన్. నా అభిప్రాయం అడిగితే, కట్ట బలం పరీక్షించాలన్న నిబంధన తప్పు కాదు. న్యూ ఆర్లీన్స్‌లో చనిపోయినవాళ్లను చూశాక ఎవరూ అలా అనలేరు. కానీ ఖర్చు ఊరి జనాభాతో నిమిత్తం లేకుండా మైళ్ల లెక్కన పడుతుంది. ఇదేమో ఊరు చిన్నది, కట్ట పొడవైనది.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. జూన్‌లో కోట దగ్గర రాండేవూ అని పెద్ద జాతర జరుగుతుంది, పాత వేషాలతో డేరాలు వేసుకుంటారు, పిల్లలకు బాగుంటుంది. కోటలో మందుగుండు గది ఒక్కటే అసలు నాటిది, ఇల్లినాయ్ రాష్ట్రంలో నిలిచి ఉన్న అతి పాత కట్టడాల్లో ఒకటిగా చెబుతారు. మిగతా గోడలు 1913లో రాష్ట్రం ఆ చోటు కొన్నాక తిరిగి లేపినవి. మోడాక్ దగ్గర కార్లు ఎక్కించుకునే ఫెర్రీ ఉంది, నది సహకరిస్తే దాని మీద సెయింట్ జెనెవీవ్ దాటి మిస్సోరీ వైపు నుంచి ఇంటికి రావచ్చు. పాట వినాలంటే డిసెంబర్ 31నే వెళ్లాలి, చలికి తగ్గట్టు కట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వెనక వరసలో చెయ్యెత్తిన పెద్దాయన.